మైన్‌క్రాఫ్ట్ సర్వైవల్ సర్వర్లు: తొండి లేని చోటు ఎంచుకోవడం ఎలా?

బ్లాకులు తవ్వి కట్టుకునే మైన్‌క్రాఫ్ట్ ఆటలో నలుగురితో కలిసి సర్వైవల్ (వనరులు ఏరుకుంటూ ప్రాణం నిలబెట్టుకునే ఆట తీరు) ఆడాలనుకున్నవాళ్ళు మొదట అడిగేది "ఏ సర్వర్ మంచిది?" అని. సర్వర్ అంటే అందరూ కలిసి ఆడే ప్రపంచాన్ని నడిపే కంప్యూటర్. ఎవరో ఒకరు ఒక అడ్రస్ పంపుతారు. చేరతారు, రెండు వారాలు కష్టపడి ఇల్లు కట్టుకుంటారు. ఒకరోజు లాగిన్ అయి చూస్తే చెస్టులు (సామాను దాచే పెట్టెలు) ఖాళీగా ఉంటాయి, గోడలు కూలి ఉంటాయి, గోధుమ చేను మీద లావా పారుతుంటుంది. అడ్మిన్‌ను (సర్వర్ నిర్వాహకుడిని) అడిగితే "ఇక్కడ అది మామూలే" అంటాడు. ఆ రోజుతో ఆటే మానేసినవాళ్ళు చాలామంది ఉన్నారు. నిజానికి అక్కడ ఎవరూ నియమం తప్పి ఉండకపోవచ్చు. ఆ సర్వర్‌లో దోపిడీ ఆటలో భాగం, ఆ సంగతి చేరిన మనిషికి తెలియదు.

ఆట తీరే అలాంటిది. మైన్‌క్రాఫ్ట్‌లో సొత్తు అనేదే లేదు. మీరు పెట్టిన చెస్టును ఎవరైనా తెరవచ్చు. ఇనప తలుపు బిగించినా పక్క గోడ నాలుగు దెబ్బలకు పగులుతుంది. ఎవరిది వాళ్ళకే కనిపించేది ఎండర్ చెస్ట్ ఒక్కటే, అందులో ఉండేవి 27 అరలు. మామూలు సర్వర్ ప్రోగ్రామ్ నిర్వాహకుడికి ఇచ్చే ఆయుధాలు కూడా కొన్నే: ఎవరిని రానివ్వాలో చెప్పే వైట్‌లిస్ట్, ఎవరిని వెళ్ళగొట్టాలో చెప్పే బ్యాన్, ఒకరినొకరు కొట్టుకోవడాన్ని ఆపే పీవీపీ స్విచ్, మొదట పుట్టే చోటు చుట్టూ చిన్న రక్షణ. మిగతా న్యాయమంతా మనుషులు రాసుకున్న నియమాల నుంచో, సర్వర్‌కు అదనంగా జోడించుకునే ప్రోగ్రామ్‌ల (ప్లగిన్ల) నుంచో రావాలి.

అందుకే సర్వర్లను పోల్చేటప్పుడు నియమాల చిట్టా ఎంత పొడుగుందో చూడవద్దంటాను. "గ్రీఫింగ్ చేయరాదు, హ్యాకులు వాడరాదు, అందరినీ గౌరవించాలి" అని ప్రతి సర్వర్ రాస్తుంది (గ్రీఫింగ్ అంటే ఇతరులు కట్టినదాన్ని పాడుచేయడం). చూడాల్సింది నష్టం జరిగిన మర్నాటి సంగతి. ఎవరు చేశారో తెలుసుకునే మార్గం ఉందా? పోయినది తిరిగి వస్తుందా? ఆ నియమం అడ్మిన్ స్నేహితుడికి కూడా వర్తిస్తుందా? ఈ మూడింటికీ దొరికే జవాబును బట్టే ఒక సర్వర్‌కూ ఇంకో సర్వర్‌కూ అసలు తేడా తెలుస్తుంది.

తెలిసినవాళ్ళ సర్వర్

మొదటి రకం, వైట్‌లిస్ట్ పెట్టి స్నేహితులే ఆడుకునేది. దీన్ని ఈ ఆట తయారుచేసే మొజాంగ్ సంస్థ వాళ్ళ అద్దె సర్వర్ సేవ రియల్మ్స్ మీద నడపవచ్చు, అటెర్నోస్ లాంటి ఉచిత హోస్టింగ్ మీద నడపవచ్చు, ఇంట్లో పాత కంప్యూటర్ మీదైనా నడపవచ్చు. రియల్మ్స్ పెద్ద ప్లాన్‌లో యజమాని కాక పదిమంది ఒకేసారి ఆడవచ్చు. అటెర్నోస్‌లో ఎవరూ లేనప్పుడు సర్వర్ ఆగిపోతుంది, మళ్ళీ ఎవరో ఒకరు నడిపించాలి. కాబట్టి అర్ధరాత్రి ఒంటరిగా వచ్చి తవ్వుకునేవాళ్ళకు అది కాస్త చిరాకు. సాయంత్రం అందరూ కలిసి కూర్చునే బృందానికి బాగా సరిపోతుంది.

ఇక్కడ రక్షణ అంతా పరిచయమే. 2012లో మొదలైన హెర్మిట్‌క్రాఫ్ట్ ఈ పద్ధతికి అందరికీ తెలిసిన ఉదాహరణ. పిలిస్తేనే చేరగలిగే సర్వర్ అది. అక్కడివాళ్ళు ఒకరి మీద ఒకరు చిలిపి పనులు చేసుకుంటారు, ఇళ్ళ నిండా కోళ్ళను నింపే స్థాయి దాకా వెళ్తారు. కానీ కష్టపడి కట్టినదాన్ని మళ్ళీ బాగుచేయలేని విధంగా పాడుచేయరు. చిన్న బృందానికి అంతకంటే మంచి నియమం నాకు కనిపించదు: చేసినవాడే విప్పగలిగితే చిలిపితనం, విప్పలేనిదైతే నష్టం.

అయితే స్నేహితులే కదా అని నియమాలు అసలు మాట్లాడుకోకపోవడం ఈ రకం సర్వర్ల పెద్ద బలహీనత. గొడవలు ఎప్పుడూ పెద్ద విషయాల మీద రావు. ఒకడు చనిపోతే వాడి సామాను నేల మీద పడుతుంది, ఆ చోటు లోడ్ అయి ఉంటే అయిదు నిమిషాల్లో మాయమవుతుంది. ఆ దారిన వెళ్ళినవాడు ఏరుకుంటే అది సాయమా, దొంగతనమా? ఆటలోని ఊళ్ళో సరుకులు అమ్మే గ్రామస్థుల్లో మెండింగ్ పుస్తకం (పనిముట్ల అరుగుదలను సరిచేసే మంత్రం) అమ్మేవాడు ఒక్కడే దొరికితే, వాడిని పక్క ద్వీపానికి పడవలో ఎత్తుకుపోయినవాడికి హక్కు ఉందా? డ్రాగన్ గుడ్డు ప్రపంచం మొత్తానికీ ఒకటే, మరి అది ఎవరి ఇంట్లో ఉండాలి? పంట కోసినవాడు తిరిగి విత్తాలా? తన మూలంగా క్రీపర్ (దగ్గరికొచ్చి పేలిపోయే రాక్షసి) పేలి గుంత పడితే తనే పూడ్చాలా? వీటిని మొదటి రోజే పది నిమిషాలు మాట్లాడుకుంటే ఆరు నెలల స్నేహం మిగులుతుంది.

రాత్రి నిద్ర కూడా ఇలాంటిదే. అందరూ పడుకుంటేనే తెల్లారడం ఆటలో మామూలు లెక్క. 2021లో వచ్చిన 1.17 వెర్షన్ నుంచి, ఎంత శాతం మంది పడుకుంటే చాలో గేమ్‌రూల్ అనే ఆట అమరికతో మార్చుకోవచ్చు. గుహలో ఉన్నవాడి కోసం మిగతావాళ్ళంతా మంచాల దగ్గర కాచుకోవడం తప్పుతుంది. కీప్ ఇన్వెంటరీ (చనిపోయినా సామాను పోకుండా చేసే అమరిక) సంగతి మాత్రం బృందాన్ని బట్టి. చిన్నపిల్లలు ఉంటే పెట్టేయండి. పెద్దవాళ్ళు ఆడుతుంటే దాన్ని పెట్టడం వల్ల భయమే పోతుంది, భయం పోతే సర్వైవల్‌లో రుచి సగం పోతుంది.

రియల్మ్స్‌తో ఒక చిక్కు ఉంది. బ్యాకప్‌లు ఉంటాయి కానీ వెనక్కి తెస్తే మొత్తం ప్రపంచం వెనక్కి పోతుంది. ఒక్క ఇల్లు మాత్రం తిరిగి తేవడం కుదరదు. ఎవరు పగలగొట్టారో చూపే రికార్డు కూడా ఉండదు. బయటివాళ్ళు లేని చోట ఇది పెద్ద లోటు కాదు. స్నేహితుడి స్నేహితుడు, వాడి తమ్ముడు, వాడి క్లాస్‌మేట్ అంటూ పదిహేనుమంది అయ్యాక మాత్రం ఇదే పెద్ద లోటు అవుతుంది. అప్పుడు రెండో రకానికి మారడమే మంచిది.

క్లెయిమ్‌లు ఉన్న పబ్లిక్ సర్వర్

ఎవరైనా చేరగలిగే సర్వర్‌లో పరిచయం పనిచేయదు కాబట్టి ఆ పనిని ప్లగిన్లు చేస్తాయి. వీటిలో రెండు రకాల పనులు ఉన్నాయి, వాటిని విడిగా చూడాలి. ఒకటి, నష్టం జరగకుండా ఆపడం. గ్రీఫ్‌ప్రివెన్షన్ లాంటి ప్లగిన్‌లో బంగారు పార పట్టుకుని రెండు మూలలు గుర్తుపెడితే ఆ నేల మీ పేరు మీదికి వస్తుంది, దీన్నే క్లెయిమ్ అంటారు. లోపల ఇంకెవరూ బ్లాక్ పగలగొట్టలేరు, చెస్ట్ తెరవలేరు. మీరు ట్రస్ట్ ఇచ్చినవాళ్ళకే అనుమతి. క్లెయిమ్ చేసుకునే బ్లాకులు ఆడినకొద్దీ పెరుగుతాయి. ఎవరూ మార్చకపోతే మొదట 100, తర్వాత గంటకు ఇంకో 100 వస్తాయి. కర్ర పట్టుకుని నేల మీద క్లిక్ చేస్తే అది ఎవరిదో తెలుస్తుంది.

రెండోది, జరిగిన నష్టాన్ని సరిదిద్దడం. కోర్‌ప్రొటెక్ట్ ప్రతి బ్లాకును ఎవరు పెట్టారో, ఎవరు తీశారో, చెస్టులోంచి ఎవరు ఏం తీసుకున్నారో సమయంతో సహా రాసిపెడుతుంది. ఫలానా మనిషి గత రెండు రోజుల్లో ఈ చుట్టుపక్కల చేసిన పనిని మాత్రం వెనక్కి తిప్పమంటే తిప్పుతుంది, మిగతా ప్రపంచం చెక్కుచెదరదు. ఈ రెండిట్లో ఒకటే ఉన్న సర్వర్‌ను ఎంచుకోవలసి వస్తే నేను కోర్‌ప్రొటెక్ట్ ఉన్నదాన్నే ఎంచుకుంటాను. క్లెయిమ్ గోడ బయట కూడా జీవితం ఉంటుంది: మీరు వేసిన రోడ్డు, నెదర్ అనే పాతాళ లోకంలో తవ్విన సొరంగం, నలుగురి కోసం నది మీద కట్టిన వంతెన. వాటిని క్లెయిమ్ కాపాడదు, రికార్డు కాపాడుతుంది.

క్లెయిమ్‌లలో జనం మరిచిపోయే విషయం గడువు. కొన్నాళ్ళు లాగిన్ కాకపోతే క్లెయిమ్ రద్దయి ఆ నేల మళ్ళీ అందరిదీ అవుతుంది. సర్వర్ నిండకుండా ఉండాలంటే అది న్యాయమైన ఏర్పాటే. కానీ ఇంటర్ రెండో ఏడాది పిల్లలు ప్రాక్టికల్స్ మొదలైనప్పటి నుంచి ఈఏపీసెట్ అయ్యేదాకా కంప్యూటర్ ముట్టుకోరు. మే నెలలో తిరిగి వచ్చేసరికి ఇంటి స్థానంలో ఇంకెవరిదో కోట కనిపిస్తే ఎంత బాధో చెప్పక్కర్లేదు. చేరేముందే గడువు ఎన్ని రోజులో కనుక్కోండి. పరీక్షలని చెప్తే పొడిగిస్తారా అని కూడా అడగండి. ఆ మాటకు అడ్మిన్ ఎలా స్పందిస్తాడో చూస్తేనే సర్వర్ గురించి చాలా తెలిసిపోతుంది.

పాత పబ్లిక్ సర్వర్లలో కొత్తవాళ్ళకు ఇంకో ఇబ్బంది ఉంటుంది. ఎగరడానికి పనికొచ్చే ఎలైట్రా రెక్కలు, డ్రాగన్ ఉండే ఎండ్ లోకంలోని ఓడల్లో ఓడకు ఒకటే దొరుకుతాయి. ఏళ్ళుగా నడుస్తున్న ప్రపంచంలో దగ్గరి ఓడలన్నీ ఎప్పుడో ఖాళీ అయి ఉంటాయి. కొన్ని సర్వర్లు ఎండ్‌ను అప్పుడప్పుడు రీసెట్ చేస్తాయి, కొన్ని మైనింగ్ కోసం వేరే ప్రపంచం పెట్టి దాన్ని మారుస్తుంటాయి. పాతవాళ్ళ ఇళ్ళు ఉంటాయి, కొత్తవాళ్ళకూ వజ్రాలు దొరుకుతాయి. ఇలాంటి ఏర్పాటు ఉన్న సర్వర్‌కు నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

దోచుకోవడమే ఆట అయిన చోట

ఫ్యాక్షన్స్ (జట్లుగా పోరాడేవి), లైఫ్‌స్టీల్ లాంటి సర్వర్లలో ఇతరుల బేస్ మీద దాడి చేయడం, సామాను ఎత్తుకుపోవడం నియమం లోపలి పనే. లైఫ్‌స్టీల్‌లో ఎదుటివాడిని చంపితే వాడి ప్రాణాన్ని చూపే గుండె గుర్తుల్లో ఒకటి మీకు వస్తుంది, అన్నీ పోగొట్టుకున్నవాడు చాలాచోట్ల సర్వర్ నుంచే బయటికి పోతాడు. ఇక్కడ ఫిర్యాదు చేయదగ్గవి వేరే ఉంటాయి. ఓడిపోతున్నానని తెలియగానే లాగౌట్ కావడం, రెండో అకౌంట్‌తో ఎదుటి జట్టులో గూఢచారిగా చేరడం, పుట్టిన చోటే కాచుకుని మళ్ళీ మళ్ళీ చంపడం. ఈ మూడింటి గురించీ స్పష్టంగా రాయని సర్వర్ అయితే దూరంగా ఉండండి. కొట్లాట ఆటలో నియమాలు తక్కువ ఉండొచ్చు కానీ, ఉన్నవి మాత్రం ఒక్క అక్షరం కూడా అస్పష్టంగా ఉండకూడదు.

ఇలాంటి చోట ఆడేవాళ్ళకు పింగ్ (మీ కంప్యూటర్ నుంచి సర్వర్‌కు సంకేతం వెళ్ళి రావడానికి పట్టే సమయం) కూడా న్యాయంలో భాగమే. సర్వర్ ముంబైలో ఉంటే హైదరాబాద్, విజయవాడ వాళ్ళ దెబ్బ వెంటనే తగులుతుంది. సర్వర్ జర్మనీలోనో అమెరికాలోనో ఉంటే మీరు చూసేసరికే ఎదుటివాడు అక్కణ్ణుంచి జరిగి ఉంటాడు. ఇల్లు కట్టుకునే ఆటలో ఇది పట్టించుకోనక్కర్లేదు, కత్తి పట్టుకునే ఆటలో మాత్రం ఇదే గెలుపోటములు తేలుస్తుంది.

అసలు నియమాలే లేని అనార్కీ సర్వర్ ఇంకో కొస. 2010 డిసెంబరులో మొదలైన టూ బీ టూ టీ వీటిలో అందరికీ తెలిసినది, ఆ ప్రపంచాన్ని ఇంతవరకు రీసెట్ చేయలేదు. అక్కడ హ్యాకులు వాడటం తప్పు కాదు, వాడకపోతే బతకడమే కష్టం. లోపలికి పోవడానికే క్యూలో నిలబడాలి, డబ్బు కడితే ముందు క్యూ దొరుకుతుంది. రక్షణ అంటే దూరమే: మొదట పుట్టే చోటు నుంచి లక్షల బ్లాకుల దూరం వెళ్ళి ఎవరికీ చెప్పకుండా కట్టుకోవాలి. ఆ దూరం కూడా నమ్మదగ్గది కాదని తేలింది. 2018 నుంచి 2021 దాకా ఒక బృందం సర్వర్ సాఫ్ట్‌వేర్‌లోని లోపాన్ని పట్టుకుని, ఎవరు ఎక్కడ తిరుగుతున్నారో రహస్యంగా గమనించింది. అంత నియమరాహిత్యంలో కూడా సర్వర్‌నే కుప్పకూల్చే పనులకు మాత్రం అడ్డుకట్టలు వేయక తప్పలేదు. ఆసక్తి ఉంటే వెళ్ళి చూడండి. పదమూడేళ్ళ పిల్లవాడికి మాత్రం సిఫార్సు చేయను, అక్కడి చాట్‌లో వినబడే మాటల వల్ల.

ఏది తొండి, ఏది కాదు

ఎక్స్‌రే టెక్చర్ ప్యాక్‌తో రాళ్ళను పారదర్శకం చేసి వజ్రాలు ఏరుకోవడం తొండి అని అందరూ ఒప్పుకుంటారు. దీన్ని సర్వర్ ఎలా పట్టుకుంటుందో అడగండి. పేపర్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో యాంటీ ఎక్స్‌రే ఏర్పాటు ఉంది. ఒక పద్ధతిలో అది రాళ్ళ వెనక దాగిన ఖనిజాలను మామూలు రాయిగా చూపిస్తుంది. ఇంకో పద్ధతిలో దొంగ ఖనిజాలను అంతటా చల్లి, చూసేవాడిని తికమకపెడుతుంది. కానీ అది ముందే ఆన్ అయి ఉండదు, అడ్మిన్ పెట్టుకోవాలి. గుహ గోడల్లో గాలికి తెరుచుకున్న ఖనిజాలను మామూలుగా అది దాచదు కూడా. కాబట్టి మంచి అడ్మిన్ తవ్వకాల రికార్డు కూడా చూస్తాడు. సొరంగం ఎటూ తిరగకుండా వజ్రం నుంచి వజ్రానికి సూటిగా పోతుంటే అది అదృష్టం కాదు. అదే సమయంలో 1.18 వెర్షన్ తర్వాత వజ్రాలు వై -59 (ఎత్తు, లోతులను చూపే సంఖ్య) దగ్గర ఎక్కువని తెలిసి అక్కడ వరసగా సొరంగాలు తీసేవాడికి గుట్టలుగా దొరకడం సహజం. ఈ తేడా తెలియని అడ్మిన్ కష్టపడ్డవాడినే బ్యాన్ చేస్తాడు.

అసలు గొడవంతా మధ్యలో ఉన్న మోడ్‌ల దగ్గరే (మోడ్ అంటే ఆటగాడు తన ఆటకు జోడించుకునే ప్రోగ్రామ్). మ్యాప్ చూపించే మోడ్ తొండి అవుతుందా? మామూలు మినీమ్యాప్‌కు ఎక్కువ సర్వర్లు ఒప్పుకుంటాయి, అదే మ్యాప్‌లో దగ్గరున్న ఆటగాళ్ళు చుక్కలుగా కనిపిస్తే ఒప్పుకోవు. ఈ తేడా కోసమే జేరోస్ మినీమ్యాప్‌కు ఫెయిర్ ప్లే అనే వేరే వెర్షన్ ఉంది, అందులో రాడార్, గుహల మ్యాప్ ఉండవు. ఫ్రేమ్‌రేట్ పెంచే సోడియం లాంటివాటితో ఎవరికీ ఇబ్బంది లేదు. కట్టబోయే భవనాన్ని నీడలా చూపే లైట్‌మాటికా మామూలుగా పరవాలేదు, దానంతట అదే బ్లాకులు పెట్టే ప్రింటర్ జోడిస్తే చాలాచోట్ల బ్యాన్. శరీరం ఒకచోట ఉండగా కెమెరాను గోడల్లోంచి తిప్పే ఫ్రీక్యామ్ గురించి సర్వర్‌కో మాట. మీ దగ్గరున్న మోడ్‌లన్నీ పేర్లు రాసి ముందే అడిగేయండి. అనుమతి ఉన్న మోడ్‌ల జాబితాను పేర్లతో సహా ప్రకటించిన సర్వర్‌ది "అన్యాయమైన మోడ్‌లు నిషేధం" అని రాసి ఊరుకున్న సర్వర్ కంటే ఎన్నో రెట్లు నిజాయితీ.

డూప్లికేషన్ (ఆటలోని లోపంతో వస్తువుకు నకళ్ళు తీయడం) కూడా అంతే. టీఎన్‌టీ అనే పేలుడు పదార్థాన్ని రెట్టింపు చేసే యంత్రం ఆటలోని లోపం మీద ఆధారపడ్డదే, అయినా ఎన్నో పెద్ద సర్వర్లు దాన్ని ఒప్పుకుంటాయి. వజ్రాలను రెట్టింపు చేస్తే మాత్రం సర్వర్ ఆర్థిక వ్యవస్థే చచ్చిపోతుంది. ఎక్కడ గీత గీశారో రాసి ఉండాలి. పేపర్‌లో ఇలాంటి చాలా లోపాలను ముందే మూసేశారు కాబట్టి, యూట్యూబ్‌లో చూసిన యంత్రం మీ సర్వర్‌లో పనిచేయకపోతే అడ్మిన్ మీద కోపం తెచ్చుకోవద్దు.

ఇక ఫార్మ్‌లు, అంటే వస్తువులను దానంతట అవే పోగుచేసే కట్టడాలు. సర్వర్ సెకనుకు 20 టిక్కులు (ఆటను ముందుకు నడిపే అడుగులు) నడవాలి, అంటే ఒక్కో టిక్కుకు 50 మిల్లీసెకన్లు. ఒకడు వందల హాపర్లతో (వస్తువులను చేరవేసే గరాటులతో), కిక్కిరిసిన గ్రామస్థులతో పెద్ద ఫార్మ్ కట్టి రాత్రంతా ఏఎఫ్‌కే (ఆట తెరిచి ఉంచి కంప్యూటర్ దగ్గర లేకుండా) ఉంటే ఆ లెక్క తప్పుతుంది, ఇంకొకడు పగలగొట్టిన బ్లాక్ మళ్ళీ ప్రత్యక్షమవుతుంది. ఇందులో ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు, అయినా ఒకరి సంపద కోసం అందరి ఆట నెమ్మదించింది. దీన్ని నియమాల్లో సంఖ్యలతో రాసిన సర్వర్‌ను నమ్మవచ్చు: ఒక్కొక్కరికి ఇంతమంది గ్రామస్థులు, ఇంతసేపు ఏఎఫ్‌కే అని.

అడ్మిన్

గల్లీ క్రికెట్‌లో బ్యాట్ తనదే కాబట్టి ఔటైనా ఒప్పుకోని పిల్లవాడు ప్రతి వీధిలో ఒకడు ఉండేవాడు. సర్వర్ యజమాని చేతిలో అంతకంటే ఎక్కువ ఉంటుంది: క్రియేటివ్ మోడ్ (ఏ వస్తువైనా లెక్కలేనంత దొరికే ఆట తీరు), ఎవరి చెస్ట్ లోపలికైనా చూసే కమాండ్లు, అందరి ఇళ్ళ చిరునామాలు. సర్వైవల్‌లో మనతో పోటీ పడి ఆడే మనిషికే ఈ అధికారాలు ఉంటే, అతను ఎంత మంచివాడైనా మిగతావాళ్ళకు అనుమానం పోదు. అందుకే బాగా నడిచే సర్వర్లలో అడ్మిన్ ఆడటానికి ఒక అకౌంట్, నిర్వహణకు ఇంకో అకౌంట్ వాడతాడు. ఏ కమాండ్ ఎవరు ఎప్పుడు వాడారో మిగతా నిర్వాహకులకు కనిపిస్తుంది. అడ్మిన్ అధికారాల వాడకాన్ని ఎవరు గమనిస్తారన్నదే మీరు అడగదగ్గ అతి ముఖ్యమైన ప్రశ్న అని నా నమ్మకం. దీనికి తడుముకోకుండా జవాబు చెప్పిన సర్వర్‌లో మిగతా సంగతులు చాలావరకు బాగానే ఉంటాయి.

బ్యాన్‌లు ఎలా వేస్తారో కూడా చూడండి. సరైన పద్ధతి అకౌంట్‌కు బ్యాన్ వేయడం, ఎందుకంటే పేరు మార్చుకున్నా లోపలి గుర్తింపు సంఖ్య మారదు. చీటికీ మాటికీ ఐపీ బ్యాన్ (ఇంటర్నెట్ కనెక్షన్ చిరునామాకే నిషేధం) వేసే అడ్మిన్ మన దగ్గర పనికిరాడు. మొబైల్ డేటాలో ఎంతోమంది ఒకే బయటి ఐపీని పంచుకుంటారు. హాస్టల్ వైఫై మీద ఆడే కుర్రాళ్ళంతా బయటికి ఒకే ఐపీగా కనిపిస్తారు. ఒకడు తొండి చేస్తే హాస్టల్ మొత్తానికీ ప్రవేశం ఆగిపోతుంది. ఒకే ఇంట్లో అక్కాతమ్ముళ్ళు ఆడుతుంటే వాళ్ళను రెండో అకౌంట్ అని అనుమానించే సర్వర్లు కూడా ఉన్నాయి. అలాంటప్పుడు చేరిన రోజే చెప్పి ఉంచడం మంచిది.

ఆట కొనకుండానే చేరగలిగే క్రాక్డ్ సర్వర్ల గురించి ఇక్కడే చెప్పాలి. డబ్బు పెట్టి ఆట కొనలేని పిల్లలు వీటిలోనే మొదలుపెడతారు, వాళ్ళను తప్పుపట్టను. కానీ ఆన్‌లైన్ మోడ్ (అకౌంట్ నిజమైనదో కాదో సరిచూసే ఏర్పాటు) ఆపేసిన ఇలాంటి సర్వర్‌లో వచ్చినవాడు నిజంగా వాడేనా అని ఎవరూ సరిచూడరు. లాగిన్ పాస్‌వర్డ్ అడిగే ప్లగిన్ లేకపోతే మీ పేరు పెట్టుకుని ఇంకొకడు వచ్చి మీ చెస్ట్ తెరుస్తాడు, అడ్మిన్ పేరుతో వస్తే సర్వర్‌నే తెరుస్తాడు. బ్యాన్ అయినవాడు కొత్త పేరుతో వెంటనే తిరిగొస్తాడు. న్యాయంగా ఆడాలనుకునేవాళ్ళకు ఇది చివరి ఎంపికే కావాలి. తప్పనిసరై చేరినా, మీ ఈమెయిల్‌కు వాడే పాస్‌వర్డ్‌ను మాత్రం అక్కడ పెట్టవద్దు.

అడ్మిన్ పైన ఇంకో అడ్మిన్ కూడా ఉన్నాడు. 2022 జులైలో వచ్చిన 1.19.1 వెర్షన్ నుంచి చాట్‌లో బెదిరింపులు, ద్వేషపు మాటలు కనిపిస్తే నేరుగా మొజాంగ్ యజమాని మైక్రోసాఫ్ట్ నిర్వాహకులకు ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ బ్యాన్ పడితే ఏ సర్వర్‌లోనూ ఆడలేరు. కొన్ని సర్వర్లు ఈ ఏర్పాటు పనిచేయకుండా చేస్తాయి. పెద్దవాళ్ళకు అది వాళ్ళ ఇష్టం, పిల్లలను పంపే తల్లిదండ్రులు మాత్రం ఒకసారి అడగాలి.

డబ్బు గురించి రెండే మాటలు. ఆటలో పైచేయి ఇచ్చే వస్తువులను డబ్బుకు అమ్మకూడదని మొజాంగ్ 2014లోనే సర్వర్లకు చెప్పింది, టోపీలూ రంగుల పేర్లూ లాంటి అలంకారాలు అమ్ముకోవచ్చు. సర్వర్ స్టోర్ పేజీ తెరిచి చూడండి, వజ్రపు కవచం కిట్టు ధర కనిపిస్తే మూసేయండి.

ఎవరికి ఏది

ఎనిమిదో తరగతి లోపు పిల్లలకు వైట్‌లిస్ట్ తప్ప ఇంకేదీ వద్దు, అందులోనూ పెద్దవాళ్ళు ఒకరు ఉన్నది. ఆటకు ఉన్న రెండు రూపాల్లో ఫోన్ మీద బెడ్‌రాక్, కంప్యూటర్ మీద జావా ఆడే పిల్లలు కలవాలంటే రియల్మ్స్ కుదరదు, జావా రియల్మ్ జావాకే, బెడ్‌రాక్ రియల్మ్ బెడ్‌రాక్‌కే. గీజర్ ప్లగిన్ వేసిన జావా సర్వర్ అయితే ఇద్దరూ ఒకేచోట ఆడతారు.

కాలేజీ బృందానికి, ముఖ్యంగా పదిమందికి పైగా ఉన్నప్పుడు, వైట్‌లిస్ట్‌తో పాటు కోర్‌ప్రొటెక్ట్ ఉన్న పేపర్ సర్వర్‌ను అద్దెకు తీసుకోమంటాను. క్లెయిమ్‌లు అక్కర్లేదు. క్లెయిమ్‌లు పెడితే ప్రతివాడూ తన గీత లోపల కూర్చుంటాడు, ఊరు తయారవదు. రికార్డు ఉందని తెలిస్తేనే చాలామంది చేతులు ఊరుకుంటాయి. నిర్వహణ హక్కు ఇద్దరికి ఇవ్వండి, ఒకరి నిర్ణయాన్ని ఇంకొకరు చూసేలా.

ఆఫీసు నుంచి వచ్చి రాత్రి గంటసేపు ఒంటరిగా కట్టుకునేవాళ్ళకు క్లెయిమ్‌లున్న పబ్లిక్ సర్వరే హాయి. ఎవరితోనూ మాట్లాడకపోయినా ఇల్లు ఉంటుంది, మాట్లాడాలనిపిస్తే పక్కవాళ్ళు ఉంటారు. కొట్లాట ఇష్టమైనవాళ్ళు ముంబైలో ఉన్న లైఫ్‌స్టీల్ సర్వర్ వెతుక్కోండి. విలువైనవన్నీ షల్కర్ పెట్టెల్లో (లోపలి సామానుతో సహా ఎత్తుకెళ్ళగలిగే పెట్టెలు) పెట్టి ఆ పెట్టెలను ఎండర్ చెస్టులో దాచండి. 27 పెట్టెలు, ఒక్కోదానిలో 27 అరలు, ఎవరూ ముట్టుకోలేని 729 అరలు మీకు ఉన్నట్టే.

హైదరాబాద్‌లో కొందరు, న్యూజెర్సీలో కొందరు ఉన్న కజిన్ల బృందాలు ఇప్పుడు చాలా కనిపిస్తున్నాయి. వేసవిలో ఇక్కడ రాత్రి ఎనిమిదైతే అక్కడ ఉదయం పదిన్నర, శని ఆదివారాల్లో తప్ప కలవరు. ఇలాంటి బృందానికి పింగ్ కంటే ముఖ్యం వేరే ఉంది. ఒక దేశం వాళ్ళు నిద్రపోతుండగా ఇంకో దేశం వాళ్ళు డ్రాగన్‌ను చంపేయకూడదు. డ్రాగన్, విథర్ అనే పెద్ద రాక్షసి, మొదటి ఎండ్ నగరం అందరూ ఉన్నప్పుడే అని ముందే ఒప్పందం పెట్టుకోండి. పీవీపీ ఆపేస్తే సర్వర్ ఎక్కడున్నా గొడవ లేదు.

ఏ రకం ఎంచుకున్నా మొదటి వారం పెద్దది కట్టకండి. పుట్టిన చోటు చుట్టూ తిరిగి చూడండి, చాట్ చదవండి, కొత్తవాడు అడిగిన ప్రశ్నకు పాతవాళ్ళు ఎలా జవాబిస్తారో గమనించండి. ఒక ఫిర్యాదు వస్తే దానికి ఎంతసేపట్లో, ఏ ఆధారంతో తీర్పు ఇచ్చారో చూడండి. చివరగా ఇంకొకటి కూడా అడిగి తెలుసుకోండి: సర్వర్ మూసేసే రోజు వస్తే ప్రపంచం ఫైల్‌ను ఆడినవాళ్ళకు డౌన్‌లోడ్‌కు ఇస్తారా, ఎన్ని రోజుల ముందు చెప్తారు? ఇస్తామని రాసిపెట్టిన సర్వర్‌లో మీరు కట్టినది సింగిల్‌ప్లేయర్‌లోనైనా మీతో ఉంటుంది.